నాటకం వదల్లేను, ఇంటికి డబ్బులు పంపాలి... ఏం చేయాలక్కా?

రాయదుర్గం నుంచి ఒక చెల్లి చాలా పెద్ద ఉత్తరం రాసింది. పేరు వద్దంది, ఊరు చెప్పుకోవచ్చంది. మొత్తం వేయడం కుదరదు కాబట్టి కుదించి చెప్తున్నా.

వయసు 22. అనంతపురంలో హాస్టల్లో ఉండి బీకాం కంప్యూటర్స్ చదివి ఈ ఏడాదే బయటికొచ్చింది. నాయన జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. అమ్మ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని పీసు రేటు మీద కుడుతుంది. తమ్ముడు ఇంటర్. ఈ అమ్మాయి హాస్టల్ ఖర్చుల కోసం అమ్మ డ్వాక్రా గ్రూపులో లోను తీసుకుంది, నెలకు 3,200 కంతు, ఇంకా ఏడాదిన్నర కట్టాలి. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ యువజనోత్సవంలో స్కిట్ వేస్తే, జడ్జిగా వచ్చిన ఒక పెద్దాయన చూసి తన నాటక సమాజంలోకి పిలిచాడు. అప్పట్నుంచి నాలుగు నాటికల్లో వేసింది, పరిషత్తులు అంటారే, సమాజాల మధ్య జరిగే నాటికల పోటీలు, వాటికీ వెళ్ళొచ్చింది.

ఇప్పుడు ఆమె ముందు నాలుగు దారులున్నాయి. పెద్దమ్మ కొడుకు బెంగళూరులో ఒక కంపెనీలో బ్యాక్ ఆఫీస్ పని చూపిస్తానంటున్నాడు, నెలకు 21,000, కాకపోతే షిఫ్టులు వారానికోసారి మారతాయి. సమాజం పెద్దాయన అనంతపురంలోనే ఉండమంటున్నాడు, కొత్త నాటికలు పెడదామంటున్నాడు, ప్రదర్శనకు 2,000 ఇస్తారు. పద్య నాటకాలు వేయించే ఒక కాంట్రాక్టరు తిరునాళ్ళ సీజనుకు రమ్మంటున్నాడు, రాత్రికి 3,500. హైదరాబాద్‌లో ఉన్న సీనియర్ అమ్మాయి మాత్రం "మా రూముకు వచ్చెయ్, నాటకాలూ ఉంటాయి, సీరియళ్ళకూ ప్రయత్నిద్దాం" అంటోంది. ఇంట్లో నాయన "బీకాం చదివించింది డ్రామాలు ఆడనీకా?" అన్నాడట. పెద్దమ్మ ఇప్పటికే ఒక సంబంధం పట్టుకొచ్చింది.

చివర్లో ఇలా రాసింది: "అక్కా, నాకు సినిమా పిచ్చి లేదు. స్టేజీ మీద లైటు పడగానే ఎదురుగా జనం కనపడకుండా పోయి వాళ్ళ దగ్గు, కుర్చీల కిర్రు మాత్రం వినపడుతుంటాయి చూడు, అది లేకుండా ఉండలేను. నెల మొదట్లో అమ్మ ముఖం కూడా చూడలేను. నాటకంతో బతకొచ్చా? బెంగళూరు పోతే నాటకం పోయినట్టేనా? పద్య నాటకం ఒప్పుకుంటే నాయనకు చెప్పాలా?"

చెల్లీ, కష్టమైన ప్రశ్నకే ముందు జవాబు చెప్తా. తెలుగు నాటకంలో పాత్ర వేసినందుకు వచ్చే డబ్బుతోనే నెలనెలా అద్దె కట్టుకుని, తిని, ఇంటికి కూడా పంపిన వాళ్ళు నాకు తెలిసినంతలో దాదాపు లేరు. నీలో సరుకు లేదని అనడం లేదు. ఇది మొదట్నుంచీ ఉన్న సంగతే. మీ ఊరికి బళ్ళారి పక్కనే కదా. నటుడు బళ్ళారి రాఘవ 1880లో పుట్టింది మన తాడిపత్రిలో, వృత్తి వకీలు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, సరస వినోదిని సభ అనే నాటక సమాజం పెట్టినాయన, ఆయనా వకీలే. సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావు? వకీలే. మన సీమ నాటకానికి పెద్దదిక్కులనుకునే ఈ ముగ్గురికీ అన్నం కోర్టు నుంచి వచ్చింది. వాళ్ళకు ప్లీడరు ఫీజులున్నాయి, నీకు డ్వాక్రా కంతు ఉంది, ఆ తేడా నాకు తెలుసు, దాన్ని చిన్నది చేసి మాట్లాడను. కానీ "ఉద్యోగం చేస్తే ఆర్టిస్టు కానట్టే" అని నీ సీనియర్ ఎవరైనా అంటే, ఈ ముగ్గురి పేర్లు చెప్పు చాలు.

మరి నాటకాన్నే నమ్ముకుని బతికిన వాళ్ళు లేరా అంటే, ఉన్నారు, వాళ్ళూ మన పక్కవాళ్ళే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారితో మొదలైన సురభి వాళ్ళకు తరాల తరబడి నాటకమే కూడు పెట్టింది. ఎలా పెట్టిందో చూడు. ఇంటిల్లిపాదీ కంపెనీయే. వేషం వేసిన వాళ్ళే తెర లాగుతారు, సీనరీ మారుస్తారు, మేకప్ వేస్తారు, లైట్లు చూసుకుంటారు. ఒక్కరి నటన మీద ఏ సంసారమూ గడవలేదు, నాటకం చుట్టూ ఉన్న పనులన్నీ బయటికి పోకుండా ఇంట్లోనే ఉండబట్టి గడిచింది. నువ్వు "నాటకంతో బతకొచ్చా" అని అడిగినప్పుడు నీ మనసులో ఉన్నది నటన ఒక్కటే అనిపించింది. నటనతో కష్టం. నాటకం పనులతో అయితే కొంతవరకు కుదురుతుంది, మిగతాది వకీళ్ళలాగా బయటి ఉద్యోగం నుంచి రావాలి.

ఇక ఉద్యోగం. నువ్వు ఉత్తరమంతా జీతాలు రాశావు, 21,000 అని, 2,000 అని, 3,500 అని. వేళలు మాత్రం ఒక్కచోటే, అదీ పైపైన రాశావు. నా దృష్టిలో నీకు జీతం కన్నా ముందు చూడాల్సింది సాయంత్రాలు. మన దగ్గర సమాజాల్లో ఉండేది ఎవరు? బ్యాంకు వాళ్ళు, టీచర్లు, ఆర్టీసీ వాళ్ళు, కరెంటాఫీసు వాళ్ళు. కాబట్టి రిహార్సల్ ఆరున్నరకు ముందు మొదలుకాదు, తొమ్మిదికి ముందు అవదు. పరిషత్తు దగ్గర పడితే చివరి రెండు వారాలు రోజూ. ఆ రెండున్నర గంటలు ఎవరి చేతిలో ఉంటే నీ నాటకం వాళ్ళ చేతిలో ఉన్నట్టు. వచ్చే వారం ఏ షిఫ్టో తనకే తెలియని అమ్మాయికి ఏ డైరెక్టరూ మెయిన్ పాత్ర ఇవ్వడు, ఎంత బాగా చేసినా ఇవ్వడు, ఎందుకంటే ఎదుటి పాత్ర వాడు బ్యాంకు నుంచి పరిగెత్తుకొచ్చి ఖాళీ కుర్చీతో డైలాగు చెప్పుకోవాలి.

ఇప్పుడు బెంగళూరు లెక్క వేద్దాం. 21,000లో తిండితో కలిపి పీజీ హాస్టల్‌కి 9,000 పోతుంది. ఆఫీసుకు పోనురాను 2,000, నెలకోసారి ఇంటికి రావడానికి, ఫోనుకు, సబ్బులకు, మందులకు కలిపి ఇంకో 3,500 వేసుకో. 6,500 మిగులుతుంది. అనంతపురంలో ప్రైవేటు స్కూల్లోనో, అకౌంట్లు రాసే ఆఫీసులోనో 12,000 వస్తుందనుకుందాం. ఇద్దరు ముగ్గురు కలిసి రూము తీసుకుంటే నీ వాటా 2,500, తిండి 3,500, పై ఖర్చులు 1,200. మిగిలేది 4,800. చూశావా, జీతాల్లో 9,000 తేడా ఉంది, చేతిలో మిగిలేదాంట్లో 1,700 తేడా. కంతు రెండు చోట్లా కట్టొచ్చు. నాయనకు ఈ లెక్క నోటితో చెప్తే వినడు, కాగితం మీద రాసి చూపించు.

అయితే ఈ లెక్క మొదటి ఏడాదికే. బెంగళూరులో రెండేళ్ళకు జీతం పెరుగుతుంది, కంపెనీ మారితే ఇంకా పెరుగుతుంది. ప్రైవేటు స్కూల్లో మూడేళ్ళ తర్వాత కూడా వెయ్యో రెండు వేలో పెంచి అదే గొప్ప అన్నట్టు చూస్తారు, కొన్నిచోట్ల ఎండాకాలం జీతమే ఎగ్గొడతారు. తమ్ముడి చదువు మీద పడే ఖర్చు కూడా ఉంది కాబట్టి, అనంతపురం ఎంచుకుంటే ఆ నష్టం ఎంతో తెలిసే ఎంచుకోవాలి. నీది బీకాం, ట్యాలీ వచ్చు అన్నావు కాబట్టి స్కూలు కన్నా ఆడిటర్ ఆఫీసు మేలేమో చూడు. పని నేర్చుకుంటావు, జీఎస్టీ రిటర్న్లు వేయడం వస్తే నాలుగు షాపుల లెక్కలు నువ్వే సొంతంగా చూసుకోవచ్చు. రిటర్న్ల గడువు దగ్గర పడినప్పుడు మాత్రం రాత్రి దాకా కూర్చోబెడతారు, ఆ రోజుల్లో రిహార్సల్ పెట్టుకోవద్దని సమాజానికి ముందే చెప్పుకోవాలి.

బెంగళూరు పోతే నాటకం పోయినట్టేనా అన్నావు. అట్లేం కాదు. జేపీ నగర్‌లో రంగశంకర అనే నాటకశాల ఉంది, 2004 నుంచి నడుస్తోంది, వారంలో దాదాపు అన్ని రోజులూ ఏదో ఒక నాటకం ఆడుతుంటుంది. నీకు కన్నడం వచ్చు, రాయదుర్గం పిల్లవు కదా, అది చిన్న ఆస్తి కాదు. తెలుగు వాళ్ళలో చాలామందికి లేని తలుపు నీకు తెరిచి ఉంది. శివమొగ్గ జిల్లా హెగ్గోడులో నీనాసం అనే నాటక సంస్థ ఉంది, అక్కడ ఏడాది కోర్సు కన్నడంలోనే నడుస్తుంది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వాళ్ళ బెంగళూరు కేంద్రంలో ఏడాది నటన కోర్సు ఉంది. కాబట్టి బెంగళూరు అంటే భయపడకు, మారే షిఫ్టు అంటే భయపడు. మీ అన్నను ఒక్కటే అడుగు: జీతం 17,000 ఇచ్చినా సరే, పగటి షిఫ్టు ఖాయంగా ఇచ్చే ఉద్యోగం ఉందా? ఉంటే ఆఫీసు ఎక్కడ? వైట్‌ఫీల్డులో ఆఫీసు, జేపీ నగర్‌లో నాటకం అంటే ఆ ట్రాఫిక్కులో నీ సాయంత్రం బస్సులోనే తెల్లారుతుంది.

నీ ఉత్తరంలో ఒక ముక్క ఉంది, నువ్వు దాన్ని అసలు పట్టించుకోలేదు. "సెలవుల్లో ఇంటికొస్తే నేనూ మిషన్ మీద కూర్చుంటా, రోజుకు 300 దాకా వస్తుంది" అని రాసి వెంటనే వేరే విషయంలోకి పోయావు. నేను అక్కడే ఆగిపోయా. మన సమాజాల్లో బాగా నటించే వాళ్ళు దొరుకుతారు, డైలాగు రాసే వాళ్ళు దొరుకుతారు, కాస్ట్యూమ్ అర్థం చేసుకుని కుట్టే మనిషి దొరకదు. ఏం చేస్తున్నాం ఇప్పుడు? అద్దె డ్రెస్సు షాపు నుంచి తెస్తున్నాం, చంకల కింద చెమట మరకలు, భుజాల దగ్గర వదులు, వెనక పిన్నీసులు. రెండో రంగంలో ముసలమ్మ మూడో రంగంలో పెళ్ళికూతురు కావాలంటే మధ్యలో ఒకటిన్నర నిమిషం, హుక్కులు పెట్టేసరికే అయిపోతుంది. జీన్స్ కుట్టిన చెయ్యి నీది, గట్టి కుట్టు నీకు చెప్పక్కర్లేదు. హుక్కుల బదులు వెల్క్రో ఎక్కడ పెట్టాలో, నటి మారినా పనికొచ్చేట్టు లోపల ఎంత బట్ట వదలాలో, లైటు కింద మెరిసి కళ్ళు చెదరగొట్టే బట్ట ఏదో, ఇవి నీకు స్టేజీ మీద నిలబడి తెలుసు, మిషన్ మీద కూర్చునీ తెలుసు. ఈ రెండూ ఒకే మనిషికి తెలియడం అరుదు.

దీంతో డబ్బెలా? నాటక సమాజాలు పెద్దగా ఇవ్వలేవు, నిజం. స్కూళ్ళు ఇస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనంతపురంలో, గుంతకల్లులో, ధర్మవరంలో ఏ ప్రైవేటు స్కూలు చూసినా యానివర్సరీ హడావుడే. డాన్సు మాస్టరును పెట్టుకుంటారు, స్కిట్ నేర్పేవాళ్ళు దొరక్క తెలుగు టీచరు మీద వేస్తారు, డ్రెస్సులు అద్దెకు తెస్తారు. నువ్వు వెళ్ళి "పదిహేను నిమిషాల స్కిట్, నేర్పించడం, డ్రెస్సులు, స్టేజీ దగ్గర నిలబడి నడిపించడం, అన్నీ కలిపి ఇంత" అని ఒకే ధర చెప్పు. మొదట ఒక స్కూలుకు తక్కువకే చెయ్యి, ఆ వీడియో చూపించి రెండోదానికి అసలు ధర అడుగు. మీ అమ్మ కూడా కుట్టొచ్చు, ప్యాంటు పీసుకు ఇచ్చే రేటు కన్నా మెరుగ్గానే గిట్టుబాటవుతుంది. మొదటి ఏడాది ఒకట్రెండు స్కూళ్ళకు మించి రావు, పెద్ద ఆశలు పెట్టుకోకు. ఇది ఉద్యోగానికి బదులు కాదు, ఉద్యోగం మీద అదనం.

సమాజం పెద్దాయన గురించి. మంచి మనిషిలాగే ఉన్నాడు, నీకు మొదటి పాత్ర ఇచ్చింది ఆయనే. అయినా లెక్క లెక్కే. నాటికకు ఇరవై అయిదు సాయంత్రాలు రిహార్సల్ చేసి రెండు చోట్ల మాత్రమే ఆడితే నీకొచ్చేది 4,000, అంటే సాయంత్రానికి 160. సమాజంలో మగవాళ్ళు సొంత డబ్బు పెట్టుకుని ఆడుతున్నారు, స్త్రీ పాత్రలకు మాత్రమే ఇస్తున్నారు, కాబట్టి ఆయన దోచుకుంటున్నాడని నేననను. రిహార్సల్ రోజులకు ఆటో ఖర్చు, రాత్రి తొమ్మిది దాటితే ఇంటి దాకా దింపే బాధ్యత, ఈ రెండూ అడుగు. ఇంకోటి, పరిషత్తులు ఎక్కువ కోస్తా వైపే. అనంతపురం నుంచి తెనాలి వైపు పోయి ఒక గంట నాటిక ఆడి రావాలంటే మూడు రోజులు లీవు పెట్టాలి. ఏడాదికి ఎన్నిసార్లు అట్లా వెళ్ళగలవో ఉద్యోగంలో చేరేటప్పుడే లెక్కేసుకో, "మన పిల్లే కదా, వస్తుందిలే" అని వాళ్ళు నీ తరఫున ఒప్పేసుకోకుండా.

పద్య నాటకం మీద ముక్కు విరిచే వాళ్ళు సమాజాల్లోనే ఉన్నారు. నాకు ఆ చిన్నచూపు లేదు. మైకు సరిగా లేని చోట, మూడు వేల మంది కూర్చున్న మైదానంలో చివరి వరస దాకా మాట వినపడేలా చెప్పడం నేర్పేది అదే. పద్యం బాగా అందుకుంటే వన్స్ మోర్ అంటారు, మళ్ళీ పాడాలి, గొంతు నిలవకపోతే అక్కడే తెలిసిపోతుంది. "కొంచెం పాడతాను" అన్నావు, ఆ కొంచెం చాలదు, హార్మోనిస్టు దగ్గర రెండు మూడు నెలలన్నా కూర్చోవాలి. డబ్బు విషయానికొస్తే, శివరాత్రి నుంచి ఎండాకాలం చివరి దాకా రాత్రులుంటాయి, వానలు పడ్డాక పెద్దగా ఉండవు. రాత్రి పదికి మొదలైతే తెల్లారేదాకా ఆట. పొద్దున తొమ్మిదికి ఆఫీసులో కూర్చోలేవు. కాబట్టి ఉద్యోగం పెట్టుకుని శనివారం రాత్రులు మాత్రమే వస్తానని చెప్పడం ఒక పద్ధతి, సీజను మొత్తం ఒప్పుకుని మిగతా ఏడాది మిషన్ మీద, స్కూళ్ళ మీద నడుపుకోవడం ఇంకో పద్ధతి. రెండోదాంట్లో డబ్బు ఎక్కువ, నిలకడ తక్కువ, మీ ఇంట్లో గొడవ కూడా ఎక్కువ.

ఏ పద్ధతైనా ఒప్పుకునే ముందు కాంట్రాక్టరును మొహమాటం లేకుండా అడగాల్సినవి ఉన్నాయి. డ్రెస్సు మార్చుకునేది ఎక్కడ, స్కూలు గదా, తడికెల చాటా? దానికి గడియ ఉందా? బాత్రూము ఉందా? ఆట అయ్యాక బస్సు దొరికేదాకా ఎవరింట్లో ఉంటాం? ఇంకో ఆడ ఆర్టిస్టు ఎవరొస్తున్నారు, ఆమె ఫోను నంబరు ఇస్తారా? తాగి స్టేజీ ఎక్కేవాడు వస్తే దింపే మనిషి ఎవరు? మధ్యలో పిచ్చి పాట పాడమని, డాన్సు చేయమని జనం అరిస్తే చేయనని ముందే ఖాయం చేసుకో. సగం డబ్బు అడ్వాన్సు, మిగతా సగం మేకప్ వేసుకునే ముందు, దిగిన తర్వాత అంటే ఆ డబ్బు సంగతి మర్చిపోవచ్చు. ఈ ప్రశ్నలకు చిరాకు పడే కాంట్రాక్టరు దగ్గరికి 3,500 కాదు, 7,000 ఇచ్చినా పోవద్దు. అనుభవమున్న పెద్దావిడ ఎవరైనా బృందంలో ఉంటే మొదటి సీజను ఆమె పక్కన చిన్న పాత్ర వేసినా లాభమే.

హైదరాబాద్ రూము సంగతి ఎక్కువ చెప్పను. చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా అక్కడికి పోతే నాటకం కన్నా ముందు అద్దె వెతుక్కోవాలి, నీ కంతు ఎవరు కడతారు? అదే సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీకి సీటు తెచ్చుకుని హాస్టల్లో ఉంటానంటే అది వేరే మాట. తెలుగు విశ్వవిద్యాలయంలో ఉంది, విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీలోనూ ఉంది. రెండేళ్ళ కోర్సు. ఆ రెండేళ్ళూ ఇంటికి పంపలేవు, అందుకే అది కంతు తీరిన తర్వాతి ఆలోచన.

ఢిల్లీ గురించి "అది మనలాంటోళ్ళకు కాదులే" అని రాశావు. ఎవరు చెప్పారు నీకు? 1959లో పెట్టిన ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సు, చేరిన వాళ్ళకు నెలనెలా స్కాలర్‌షిప్పు ఇస్తారు. డిగ్రీ ఉండాలి, కనీసం ఆరు నాటకాల్లో పాల్గొని ఉండాలి, హిందీ, ఇంగ్లీషు రెండూ పనికొచ్చేంత రావాలి, ముప్పై లోపు వయసు. నీకు నాలుగు ఉన్నాయి. ఇంకో రెండు అవడానికి ఏడాది చాలు. సీటు వస్తుందని నేను చెప్పలేను, దేశం మొత్తం మీద కొద్దిమందినే తీసుకుంటారు. ఆ రోజు వచ్చినప్పుడు కాగితాలు లేక ఆగిపోకూడదు. నువ్వు వేసిన ప్రతి నాటికకూ కరపత్రం, ఫోటో, పరిషత్తు వాళ్ళిచ్చిన సర్టిఫికెట్, సమాజం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, ఇప్పట్నుంచే ఒక ఫైల్లో పెట్టుకో. కేంద్ర ప్రభుత్వం యువ కళాకారులకు నెలకు 5,000 ఇచ్చే స్కాలర్‌షిప్పు ఉందని ఎవరో ఒకరు నీకు చెప్తారు. ఉంది, 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు రెండేళ్ళు ఇస్తారు. కానీ గురువు దగ్గరో సంస్థలోనో ఐదేళ్ళ శిక్షణ చూపించమంటారు, పైగా డబ్బు ఆరు నెలలకోసారి వస్తుంది, దాన్ని నమ్ముకుని నెల కంతు పెట్టుకోవద్దు. ఆకాశవాణిలో నాటకాల ఆడిషన్ పడితే మాత్రం వెళ్ళు. గ్రేడు వస్తే వచ్చే డబ్బు తక్కువే, మైకు ముందు మాట ఎలా పెట్టాలో వాళ్ళు నేర్పినట్టు ఇంకెవరూ నేర్పరు.

నా మొగ్గు ఎటో నీకు అర్థమయ్యే ఉంటుంది. కంతు తీరేదాకా, అంటే ఈ ఏడాదిన్నర, అనంతపురంలో సాయంత్రాలు మిగిలే ఉద్యోగం, ఏడాదికి రెండు నాటికలు, చలికాలం స్కూళ్ళు. ఆరు నాటకాల లెక్కా అప్పటికి పూర్తవుతుంది. తర్వాత కోర్సులకు ప్రయత్నం. పగటి షిఫ్టు దొరికితే బెంగళూరు కూడా దీనికి తీసిపోదు, తమ్ముడి ఫీజులు దగ్గర పడుతున్నాయంటే అదే మేలు కూడా. నీ ఇల్లు నాకు నీ ఉత్తరంలో కనపడినంతే తెలుసు, కాబట్టి చివరి మాట నీదే.

నాయన విషయం. "డ్రామాలు ఆడనీకా" అన్న మాటలో ఉన్నది నాటకం మీద కోపమో, నెలాఖరు మీద భయమో నువ్వే తేల్చుకోవాలి. నాకైతే రెండోదే ఎక్కువ వినపడింది. భయానికి వాదన పనిచేయదు, మొదటి మూడు నెలలు తేదీ తప్పకుండా కంతు కట్టు, తర్వాత మాట్లాడు. పెద్దమ్మ తెచ్చిన సంబంధానికి "ఏడాదిన్నర అప్పు తీర్చుకుని ఆలోచిస్తా" అను, అప్పు మాట తీస్తే ఎవరూ ఎదురు చెప్పలేరు. వీలైతే నాయనను ఒకసారి రిహార్సల్‌కు తీసుకురా. ప్రదర్శనకు వద్దు, రిహార్సల్‌కే. యాభై ఏళ్ళ బ్యాంకు ఆఫీసరు లుంగీ చుట్టుకుని ఒకే డైలాగు పదిసార్లు చెప్పించుకుంటుంటే, ఇంకో మూల ఒక టీచరమ్మ ప్రాంప్టింగు చూస్తుంటే, రాత్రిళ్ళు నువ్వు ఎవరి మధ్య ఉంటున్నావో ఆయన కళ్ళతో చూస్తాడు. నచ్చకపోవచ్చు కూడా, నచ్చి తీరుతుందని నేను మాటివ్వను.

పద్య నాటకం ఒప్పుకుంటే చెప్పాలా అన్నావు. చెప్పాలి, మొదటి ఆట కన్నా ముందే చెప్పాలి. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి వేయించిన మనిషి బళ్ళారి రాఘవ, సురభిలో ఆడవాళ్ళు తరతరాలుగా వేస్తున్నారు, ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. పైగా దాగదు కూడా. ఇప్పుడు ఏ ఊర్లో తిరునాళ్ళ నాటకమైనా ముందు వరసలో పదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటారు, నువ్వు మేకప్ కడుక్కుని బస్సెక్కేలోపు ఆ వీడియో మీ నాయన యూనిట్లో తిరుగుతుంటుంది. ఎవరో చూపించి ఆయన చూడటం కన్నా నీ నోటితో వినడం మేలు. ఊరు, తేదీ, నీ వెంట వచ్చే ఆవిడ పేరు, డబ్బు ఎంత, అన్నీ చెప్పు. అడ్వాన్సు మాత్రం కాంట్రాక్టరుతో అమ్మ ఫోన్‌పేకే వేయించు.